ఉక్కు కత్తికి రెండు చింతపిక్కలు: మా టేబుల్ ఆయుధ నియమాల డైరీ

మేం ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, మాటలతో కథ నడిపే ఆట) 5వ ఎడిషన్, 2014 రూల్స్. అందులో కత్తి ఏ లోహంతో చేశారన్నది దాదాపు లెక్కలోకే రాదు. మామూలు కత్తికి వెండి పూత వేయించాలంటే 100 గోల్డ్ (ఆటలో బంగారు నాణేలు). అడమంటైన్ అనే కల్పిత గట్టి లోహంతో చేయించాలంటే 500 గోల్డ్ అదనం, దాంతో తలుపునో గొలుసునో కొడితే ఆ దెబ్బ క్రిటికల్ (డ్యామేజ్ పాచికలు రెట్టింపు వేసే దెబ్బ) అవుతుంది. ఇంతకుమించి పెద్దగా ఏమీ లేదు. ఈ ఖాళీ నింపడానికి నాకు తొమ్మిది ఆదివారాలు పట్టింది. మొదటి మూడు వర్షన్లు పనికిరాలేదు. మీ టేబుల్ దగ్గర ఇలాంటివి పెట్టాలనుకుంటే నేరుగా నాలుగో వర్షన్ తీసుకోండి. కానీ ముందు మూడూ ఎందుకు పోయాయో చదివితే, మీరు సొంతంగా కొత్త లోహం చేర్చేటప్పుడు అవే గుంతల్లో పడరు.

దశ 0: టేబుల్, పరికరాలు

నేను డీఎం, అంటే ఆట నడిపేదాన్ని. ఆడేవాళ్లు నలుగురు: ఫైటర్ (యోధుడు, మా బాబాయి కొడుకు), రోగ్ (దొంగ), క్లెరిక్ (పూజారి), రేంజర్ (అడవి వేటగాడు). అందరూ 5వ లెవెల్.

వాడినవి:
1. ఒక స్ప్రెడ్‌షీట్.
2. ఫోన్లో స్టాప్‌వాచ్.
3. ఒక్కో లోహానికి ఒక అట్టముక్క, నియమాలు రాయడానికి.
4. చింతపిక్కలు. ఇవి నాలుగో దశలో వచ్చాయి.

పాత 3.5 ఎడిషన్‌లో (2003) లోహాల జాబితా బాగుంటుంది. కోల్డ్ ఐరన్ (మాయజీవులకు పడని ఇనుము) ఆయుధానికి ధర రెట్టింపు, వెండి కత్తికి డ్యామేజ్‌లో (దెబ్బకు కలిగే నష్టంలో) 1 తగ్గుతుంది, వస్తువు గట్టిదనం, అంటే హార్డ్‌నెస్, 20 కంటే తక్కువైతే అడమంటైన్ దాన్ని లెక్కచేయదు. దాన్నే తెచ్చి పెట్టేద్దామని చూశాను, కుదరలేదు. 3.5లో రాక్షసుల ఒంటి గట్టిదనం డ్యామేజ్‌లోంచి 5, 10 అంటూ ఒక అంకె తీసేస్తుంది. 5వ ఎడిషన్‌లో డ్యామేజ్ సగమైనా అవుతుంది, పూర్తిగా సున్నా అయినా అవుతుంది. పాత అంకెలకు ఇక్కడ ఆనుకునే చోటు లేదు.

దశ 1: ఉక్కుకు అంకె పెంచడం

మొదట తీసుకున్నది ఉక్కు. ఇంగ్లీషువాళ్లు వుట్జ్ అని రాసింది మన ఉక్కునే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దలను పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. బ్రిటిష్ వాళ్ల భూమి సర్వేతో పాటు తిరిగిన హెన్రీ వోయిసీ ఆ పని చూసి రాసిన వివరణ 1832లో ఏషియాటిక్ సొసైటీ ఆఫ్ బెంగాల్ జర్నల్‌లో అచ్చయింది. మా అమ్మమ్మ వాళ్లది ఆ చుట్టుపక్కల ఊరే. ఆటలో ప్రతి అద్భుతమైన కత్తీ ఎక్కడో మంచు కొండల మరుగుజ్జులే చేయాలా అనే పట్టుదల నాకు ఇక్కడి నుంచే వచ్చింది.

పేరు దగ్గరే చిక్కొచ్చింది. అట్ట మీద 'ఉక్కు' అని రాస్తే రోగ్ ఆడే అమ్మాయి, "అక్కా, ఉక్కంటే స్టీలే కదా, నా కత్తి ఇప్పటికే స్టీలు" అంది. నిజమే. విశాఖ ఉక్కు అని వింటూ పెరిగినవాళ్లకు ఉక్కు అంటే ఏ స్టీలైనా ఒకటే. అందుకని 'కోన ఉక్కు' అని మార్చాను.

నియమం: డ్యామేజ్‌కు 1 అదనం, దెబ్బకు వేసే ఇరవై ముఖాల పాచిక మీద 19 లేదా 20 పడితే క్రిటికల్ (మామూలుగా 20కే).

స్ప్రెడ్‌షీట్ లెక్క ఇది. 5వ లెవెల్ మామూలు ఫైటర్, దెబ్బ పాచికకు +7, లాంగ్‌స్వోర్డ్ డ్యామేజ్ డీ8 (ఎనిమిది ముఖాల పాచిక) + 4, ఎదుటివాడి ఏసీ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 15, రౌండ్‌కు (అందరి వంతూ ఒక్కోసారి వస్తే ఒక రౌండ్) రెండు దెబ్బలు.
1. మామూలు కత్తి: రౌండ్‌కు సగటున 11.5.
2. కోన ఉక్కు, వర్షన్ 1: 13.25.
3. +1 మాయా కత్తి (దెబ్బకూ డ్యామేజ్‌కూ 1 అదనం): 13.75.

కమ్మరి కొట్టులో డబ్బిచ్చి కొన్న కత్తి, గుహలో ప్రాణాలకు తెగించి తెచ్చుకున్న మాయా కత్తికి అర పాయింట్ దూరంలో నిలబడింది. ఇంకో తప్పు నేను చూసుకోలేదు. మా ఫైటర్ ఎంచుకున్న రకం చాంపియన్. వాడికి 3వ లెవెల్‌లోనే 19కి క్రిటికల్ వచ్చేసింది. అందరికంటే ఎక్కువ కత్తి పట్టేవాడికే ఈ కత్తి వల్ల అందరికంటే తక్కువ లాభం.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది వేరే. రెండు సెషన్లలో ఎవరూ ఆ కత్తి ఊసే ఎత్తలేదు. క్యారెక్టర్ షీట్ మీద 4 ఉన్నచోట 5 రాసుకున్నారు, అక్కడితో కోనసముద్రం మాయమైపోయింది.

లెక్క (ప్రతిసారీ మొదటి నుంచి మొత్తం): సెషన్లు 2, ఫైట్లు 5, నియమాలు అర పేజీ, లోహాలు 1.

దశ 2: కత్తికీ ప్రాణం పెట్టడం

వర్షన్ 2లో ప్రతి ఆయుధానికీ గట్టిదనం పాయింట్లు పెట్టాను. కంచుకు 8, ఇనుముకు 10, కోన ఉక్కుకు 14. ఏసీ 16 పైన ఉన్నవాణ్ని కొడితే ఒకటి తగ్గుతుంది. సగానికి వస్తే డ్యామేజ్‌లో 1 కోత.

ఇది ఒక్క సెషన్ కూడా పూర్తిగా నడవలేదు. స్టాప్‌వాచ్ పెట్టి పన్నెండు టర్న్‌లు కొలిచాను. అంతకుముందు సెషన్లో ఒక్కో టర్న్ సగటు 58 సెకన్లు. ఇప్పుడు 1 నిమిషం 34 సెకన్లు. ఆ అదనపు సమయమంతా "వాడి ఏసీ ఎంత, తగ్గించాలా వద్దా" అన్న ప్రశ్నకే పోయింది. మూడో రౌండ్‌కల్లా రేంజర్ రాసుకోవడం మానేశాడు. అడిగితే "మర్చిపోయానక్కా" అన్నాడు. ప్రతి దెబ్బకూ గుర్తుపెట్టుకోవాల్సిన నియమాన్ని మనిషి మర్చిపోతాడు, అందులో వాడి తప్పేం లేదు. ఫైట్ మధ్యలోనే తీసేశాను.

లెక్క: సెషన్లు 3, ఫైట్లు 6, నియమాలు 3 పేజీలు, లోహాలు 3.

దశ 3: నేచురల్ 1 పడితే విరగడం

ఇది చాలామంది చేసే తప్పు, అందుకే వివరంగా రాస్తున్నాను.

రాసుకునే పని తగ్గాలి, కత్తి మాత్రం పాడవ్వాలి. దానికి నేచురల్ 1 సులువుగా దొరికింది. దెబ్బ పాచిక మీదే 1 పడితే మళ్లీ డీ6 వేయాలి. కంచు అయితే 1 నుంచి 3 వరకు వంగుతుంది. ఇనుము 1 లేదా 2 వస్తే నొక్కు పడుతుంది. కోన ఉక్కు 1 వస్తేనే, కానీ ఏకంగా విరుగుతుంది. అట్ట మీద చదివితే చాలా బాగుంది. మొదటి ఫైట్‌లో రోగ్ కంచు బాకు వంగితే అందరూ మోకాళ్ల మీద లేచి చూశారు.

రెండో సెషన్ చివర ఫైటర్ పాచిక పక్కన పెట్టి, "అక్కా, నేను ఎన్ని దెబ్బలు కొడితే అన్నిసార్లు నా కత్తికే గండం. రోగ్, క్లెరిక్ ఒక్కటే కొడతారు కాబట్టి బాగానే ఉన్నారు" అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. రోజుకు మూడు ఫైట్లు, ఫైట్‌కు నాలుగు రౌండ్లు అనుకుంటే, రోజులో ఒక్కసారైనా 1 పడే అవకాశం:
1. రోగ్, రౌండ్‌కు 1 దెబ్బ, మొత్తం 12: 46 శాతం.
2. 5వ లెవెల్ ఫైటర్, 2 దెబ్బలు, మొత్తం 24: 71 శాతం.
3. 11వ లెవెల్ ఫైటర్, 3 దెబ్బలు, మొత్తం 36: 84 శాతం.
4. 20వ లెవెల్ ఫైటర్, 4 దెబ్బలు, మొత్తం 48: 91 శాతం.

రాజ్యంలోకెల్లా గొప్ప ఖడ్గవీరుడి కత్తి రోజూ గండంలో ఉంటుంది, నిన్న కత్తి పట్టిన కుర్రాడిది భద్రంగా ఉంటుంది. పైగా అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకునే వీలు) ఉంటే రెండు పాచికల మీదా 1 పడాలి, అది 400లో ఒక్కసారి. అంటే వెర్రి ఆవేశంతో అడ్వాంటేజ్ తెచ్చుకుని కత్తి ఊపేవాడిది అసలు విరగదు, కుదురుగా ఆడేవాడిది విరుగుతుంది.

రెండు మరమ్మతులు ప్రయత్నించాను. ఫైట్‌కు మొదటి నేచురల్ 1 మాత్రమే లెక్క అన్నాను. తేడా తగ్గింది, పోలేదు. ఫైట్ అయ్యాక అందరూ ఒక్కసారే డీ20 వేయాలన్నాను. న్యాయం కుదిరింది కానీ టేబుల్ చప్పబడింది. ఫైట్‌లో ఏం జరిగిందో దానికీ కత్తి విరగడానికీ సంబంధం తెగిపోయింది.

నల్లగాజు రాయి, అంటే అబ్సిడియన్, ఈ దశలోనే జాబితాలోంచి పోయింది. మొదటి దెబ్బకే చిట్లిపోయేదాన్ని ఎవరూ కత్తిలా చూడరు, పారేసే బాణంలా చూస్తారు.

లెక్క: సెషన్లు 5, ఫైట్లు 11, నియమాలు ఒకటిన్నర పేజీ, లోహాలు 4. విరిగినవి 3, మూడూ ఫైటర్‌వే.

మధ్యలో: కొలిమి దగ్గర

ఆ వారం అమ్మమ్మ ఊరికి వెళ్లాను. అక్కడ ఇంకా ఒక కొలిమి నడుస్తోంది. తిత్తి బదులు చిన్న కరెంటు బ్లోయర్ పెట్టుకున్నాడు తాత, దాగలి మాత్రం పాతదే, నడుమ గుంత పడింది. ఒకావిడ కొడవలి తెచ్చింది. తాత దాన్ని పట్టకారుతో పట్టి బొగ్గుల్లో పెట్టాడు. నేను ఫోన్ తీసి రంగు ఫొటో తీద్దామనుకునేలోపే బయటికి తీసేశాడు. అది ఇంకా ముదురు ఎరుపే.

"ఇంకా తెల్లగ కాలాలె కదా తాతా?"

"గట్టి ఇనుమును తెల్లగ గాలిస్తే పగుల్తది బిడ్డా. దీన్కి ఇంతే సాలు."

నాలుగు దెబ్బలు, నీళ్లలో ఒక ముంచు. చల్లారాక ఆకురాయితో అంచును రుద్ది వేలి గోరు మీద ఆనించి చూశాడు. జారితే పదును లేనట్టు, పట్టుకుంటే ఉన్నట్టు. ఆ పని రెండు మూడు సార్లు చేశాడు. కొడవలి విరుగుతుందేమోనన్న చింత ఆయనకు ఎక్కడా లేదు. పదును ఎంత ఉంది, ఎన్ని రోజులు ఉంటుంది, అదొక్కటే చూశాడు. ఆవిడ కూడా అదే అడిగింది: "కోతలయ్యేదాంక ఆగుతదా?"

నేను మూడు వర్షన్ల పాటు విరగడం గురించే రాసుకుంటూ వచ్చాను. పనిముట్టు చేతిలో ఉన్న మనిషి చూసుకునేది పదును. కోన ఉక్కు గొప్పతనమూ అదే: కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండే ఆ లోహం అంచు నిలబెట్టుకుంటుంది. అదే కారణంగా, అలవాటు లేని యూరప్ కమ్మరులు బాగా తెల్లగా కాల్చి కొడితే ముక్కలయ్యేది.

దశ 4: పదును

వర్షన్ 4లో విరగడం తీసేశాను. ప్రతి ప్రత్యేక ఆయుధానికీ కొన్ని 'పదునులు' ఉంటాయి. ఎప్పుడు ఖర్చు పెట్టాలో ఆటగాడే నిర్ణయించుకుంటాడు. లాంగ్ రెస్ట్‌లో (రాత్రి విశ్రాంతిలో) సానపెట్టుకుంటే తిరిగొస్తాయి. ఎక్కువ దెబ్బలు కొట్టేవాడికి ఎక్కువ శిక్ష అనే సమస్య దీంతోనే పోయింది.

గుర్తుకు చింతపిక్కలు వాడాను. అష్టాచెమ్మా ఆడేటప్పుడు అరగదీసినట్టే గచ్చు మీద ఒక వైపు తెల్లబడేదాకా రుద్దాలి. నల్లవైపు పైకి ఉంటే పదును ఉన్నట్టు, తెల్లవైపు ఉంటే అయిపోయినట్టు. పన్నెండు పిక్కలకు ఇరవై నిమిషాలు పట్టింది. ప్లాస్టిక్ బిళ్లలు కూడా వాడి చూశాను, కానీ పిక్కను తిప్పుతుంటే నిజంగా కత్తిని అరగదీస్తున్నట్టే ఉందని క్లెరిక్ అంది. అది చాలు నాకు.

కోన ఉక్కుకు మొదట ఇచ్చిన శక్తి: పిక్క తిప్పి డ్యామేజ్ పాచిక మళ్లీ వేయొచ్చు, పెద్దది తీసుకోవచ్చు. తప్పు. డీ8 మీద 1 పడినప్పుడు మళ్లీ వేస్తే సగటు లాభం 3.5, 2 పడితే 2.6. మూడు పిక్కలూ వాడితే రోజు మొత్తానికి 9 దగ్గర. ఆ ఫైటర్ మామూలుగానే రోజుకు 138 కొడతాడు. రెండు ఫైట్లలో ఒక్క పిక్కా తిరగలేదు.

మార్చింది: దెబ్బ 2 లేదా అంతకంటే తక్కువ తేడాతో తప్పితే, పిక్క తిప్పి తగిలినట్టు చేసుకోవచ్చు. నేచురల్ 1కి వర్తించదు.

1. ఇలా తప్పే అవకాశం ఒక్కో దెబ్బకు 10 శాతం.
2. 24 దెబ్బల రోజున మూడు పిక్కలు ఉంటే సగటున 2.06 వాడుకుంటాడు, 17.5 డ్యామేజ్ అదనం, దాదాపు 13 శాతం.
3. రెండు పిక్కలైతే 1.63 వాడకం, 13.8 అదనం, సరిగ్గా 10 శాతం.

మూడు పిక్కలతో మళ్లీ వర్షన్ 1 దగ్గరికే వెళ్తున్నాం. రెండుకు తగ్గించాను.

ఒక ఇబ్బంది ఉంది: తేడా ఎంతో చెప్పాలంటే డీఎం ఏసీ బయటపెట్టాలి. నేను అంకె చెప్పను, "కొంచెంలో తప్పింది" అంటాను, అంతే. హాబ్‌గోబ్లిన్ అనే శత్రువు ఏసీ 18. ఫైటర్ 10 వేశాడు, మొత్తం 17. "కొంచెంలో తప్పింది" అన్నాను. టేబుల్ నిశ్శబ్దమైంది. వాడు పిక్క మీద వేలు పెట్టి, తిప్పకుండా, క్లెరిక్ వైపు చూశాడు. ఇంకా ఒక ఫైట్ మిగిలుందని ఆమెకు తెలుసు, తల అడ్డంగా ఊపింది. వాడు తిప్పేశాడు. ఆ పది సెకన్ల కోసమే నేను ఈ పనంతా చేసింది.

టర్న్ సగటు మళ్లీ కొలిచాను: 1 నిమిషం 3 సెకన్లు.

లెక్క: సెషన్లు 7, ఫైట్లు 16, నియమాలు ఒక పేజీ, లోహాలు 5, పిక్కలు 12.

దశ 5: తుప్పు పురుగు, కంచు గొడవ

కంచు తుప్పు పట్టదు కాబట్టి రస్ట్ మాన్‌స్టర్ (లోహాన్ని తుప్పు పట్టించే పురుగు) దాన్ని ఏమీ చేయలేదని అట్ట మీద రాశాను. రేంజర్ ఆ ధీమాతో కంచు ఈటె పట్టుకుని ముందుకెళ్లాడు. పుస్తకం తీస్తే టెన్షన్ మొదలైంది. 2014 రూల్స్‌లో ఆ జీవి మీసాలు తాకితే పాడయ్యేది ఇనుము జాతి లోహమే. కానీ దాన్ని మనం కొట్టినప్పుడు పాడయ్యే ఆయుధం గురించి రాసిన వాక్యంలో 'లోహం' అని మాత్రమే ఉంది. అక్షరం పట్టుకుంటే కంచు ఈటె కూడా పోతుంది.

ఇరవై నిమిషాలు ఆట ఆగింది. చివరికి కంచుకు మినహాయింపు ఇచ్చాను. మీరు ఈ జీవిని దించే ముందే నిర్ణయం చెప్పేయండి.

కంచుకు ఇచ్చిన శక్తి మోగడం. కత్తిని డాలుకేసి కొడితే 30 అడుగుల లోపు భయపడి ఉన్న ఒక తోటివాడికి వెంటనే మళ్లీ సేవ్ (భయాన్ని తట్టుకునే పాచిక) వేసే అవకాశం. గంటల కంచులో తగరం 20 శాతం పైనే ఉంటుంది, కత్తి కంచులో 10 శాతం దగ్గర, కాబట్టి నిజం కత్తి గుడిగంటలా మోగదు. అయినా ఉంచాను. కంచుకంఠం అన్న మాట ఉన్న భాషలో ఆడుతున్నప్పుడు కంచు మోగకపోతే ఎలా!

దశ 6: ఇప్పుడు నడుస్తున్న నియమాలు

1. కోన ఉక్కు: ధరకు 300 గోల్డ్ అదనం, 2 పిక్కలు. 2 లోపు తేడాతో తప్పిన దెబ్బ తగులుతుంది. ఈ ఉక్కు పని తెలియని కమ్మరి దగ్గర మరమ్మతు చేయిస్తే డీసీ 15 చెక్ (పాచికతో 15 చేరాలి). తప్పితే ఒక పిక్క శాశ్వతంగా పోతుంది.
2. కంచు: మామూలు ధర, 1 పిక్క, షార్ట్ రెస్ట్‌లోనే (కాసేపటి విశ్రాంతిలోనే) తిరిగొస్తుంది. మోగుతుంది, తుప్పు పట్టదు.
3. కోల్డ్ ఐరన్: రెట్టింపు ధర, 2 పిక్కలు. పిక్క తిప్పితే, దెబ్బ తగిలిన ఫే (మాయాలోకపు) జీవి మీ తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా మాయమై వేరేచోట తేలలేదు. దీన్ని మా వాళ్లకు వివరించక్కర్లేకపోయింది. బాలింత తలగడ కింద ఇనుప ముక్క పెట్టడం అందరూ చూసిందే.
4. వెండి పూత: 100 గోల్డ్, 2 పిక్కలు. మామూలు ఆయుధాలు పనిచేయని తోడేలు మనిషి మీద ఎప్పుడూ పనిచేస్తుంది. పిక్క తిప్పితే ఆ జీవి దాని తర్వాతి టర్న్ ముగిసేదాకా రూపం మార్చుకోలేదు.
5. అడమంటైన్: పుస్తకంలో ఉన్నట్టే, పిక్కలు లేవు.

కొత్త లోహం చేర్చేటప్పుడు నేను చూసుకునే వరుస:
1. ముందు ఆ లోహం నిజంగా చేసే ఒక్క పని రాసుకోవాలి.
2. 24 దెబ్బల రోజుకు లాభం లెక్కకట్టి, 10 శాతం దాటితే పిక్క తగ్గించాలి.
3. అదే లెక్క 12 దెబ్బల రోజుకూ వేయాలి.
4. రెండు ఫైట్లలో ఒక్క పిక్కా తిరగకపోతే శక్తినే మార్చాలి, పిక్కలు పెంచకూడదు.

లెక్క: సెషన్లు 9, ఫైట్లు 21, నియమాలు ఒక పేజీ, లోహాలు 5, పిక్కలు 11. ఒకటి సోఫా కిందికి పోయింది.

దశ 7: బాణాలు

ఇది ఇంకా తేలలేదు. వెండి పూత 100 గోల్డ్‌కు పది బాణాలకు వస్తుంది. పిక్కలు బాణానికి ఇవ్వాలా, అమ్ములపొదికి ఇవ్వాలా? బాణానికి ఒకటి చొప్పున ఇస్తే రేంజర్ దగ్గర పది పిక్కలవుతాయి. పొదికి రెండు ఇస్తే మిగతా ఎనిమిది బాణాలు ఉత్త వెండి బాణాలే. ప్రస్తుతం పొదికి రెండు ఇచ్చి, ఏరి తెచ్చుకున్న బాణాలు సగమైతే పొదికి ఒక్కటే అని రాశాను. వచ్చే ఆదివారం తోడేలు మనుషులు మూడు దించుతున్నాను, ఫైటర్ కత్తికి వెండి లేదు, అంతా రేంజర్ మీదే. మరో రెండు పిక్కలు గచ్చు మీద రుద్ది ఆరబెట్టాను.